లోకం సైతానుదైతే తల్లిపాలు ఎవరివి?

ఫ్రాన్స్ దక్షిణాన, పిరనీస్ కొండల్లో, దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉంది మోంతాయూ. 14వ శతాబ్దం మొదట్లో రెండొందల పైచిలుకు జనమున్న ఊరు. ఇప్పుడు పట్టుమని యాభైమంది లేరు. పైన కూలిన కోట గోడలు, కింద గుప్పెడు ఇళ్లు. రాళ్లు చూడ్డానికే అయితే అంత ఎత్తు ఎక్కనక్కర్లేదు.

ఈ ఊరి గొర్రెల కాపరులు పొయ్యి చుట్టూ కూర్చుని తేల్చుకోజూసిన సంగతి మాత్రం పెద్దది. ఇన్ని కష్టాలున్న లోకాన్ని మంచి దేవుడెలా చేస్తాడు?

చేయలేదన్నారు కాథర్లు, చర్చి మతద్రోహులుగా చూసిన క్రైస్తవ శాఖవాళ్లు. కంటికి కనిపించేదంతా సైతాను సృష్టి, ఒళ్లు ఆత్మకు చెర. వాళ్ల సన్యాసులు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. చేపలు తినొచ్చు, అవి నీళ్లలో వాటంతటవే పుడతాయని నమ్మకం! మంచివాడి దేహం దొరికేదాకా ఆత్మ జంతువుల్లోనూ తిరుగుతుందట. పూర్వజన్మలో గుర్రమైన ఒకాయన, అప్పుడు రాళ్ల సందున ఊడిన తన నాడాను ఈ జన్మలో వెతికి పట్టుకున్నాడని కాపరులు చెప్పుకునేవారు.

ఈ కబుర్లు మిగలడం వాళ్లను వేటాడినవాడి చలవే. పామియే బిషప్ జాక్ ఫోర్నియే 1318 నుంచి 1325 దాకా ఊళ్లవాళ్లను పిలిపించి, అడిగి, చెప్పినవన్నీ రాయించాడు. 1334లో ఆయనే పోప్ అయ్యాడు. ఆ రాతల ఆధారంగానే చరిత్రకారుడు ల రువా లదూరి 1975లో మోంతాయూ మీద పుస్తకం రాశాడు.

ఆ వాంగ్మూలాల్లో ఆర్క్ అనే ఊరి సిబిల్ పియేర్‌ది ఒకటుంది. ఏడాది నిండని కూతురికి ప్రాణం మీదికొచ్చింది. కాథర్ సన్యాసి వచ్చి అంత్యదీక్ష ఇచ్చాడు. ఇక పాలు పట్టొద్దు, ఇప్పుడు పోతే బిడ్డ దేవదూతే అన్నాడు. తండ్రి పొంగిపోయాడు. వాళ్లిద్దరూ గడప దాటారో లేదో, తల్లి బిడ్డను రొమ్ముకు అదుముకుంది. మొగుడు మండిపడ్డాడు. చాన్నాళ్లు ఆమెమీదా, ఆ పసిదానిమీదా ప్రేమ చూపలేదు. పాప మరో ఏడాది బతికింది.

లోకం సైతానుదని ఒప్పుకున్నాక తండ్రి లెక్కలో తప్పు పట్టడం కష్టం. అయినా ఆ సన్యాసి చేసింది కాథర్ల రివాజుకే విరుద్ధం. ఊహ తెలియని బిడ్డకు ఆ దీక్ష చెల్లదని వాళ్ల పెద్దలే తర్వాత ఆయన్ను తప్పుపట్టారు.