అడగడానికి నామోషీ వద్దు తల్లీ

తల్లీ, నీ పేపర్ విదేశంలో జరిగే విద్యుత్ ఇంజనీర్ల సదస్సుకు ఎంపికైందని మీ నాన్న చెప్తే ఎంత సంతోషించానో! ఆ వెంటనే తోట కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెస్తానన్నాడు. అది మాత్రం జరగనివ్వకు. నాలుగు రోజుల సభ కోసం, ఇంటిల్లిపాదినీ సాకే కొబ్బరితోట మీద అప్పు వద్దు.

ఒకరిని డబ్బు అడగాలంటే నీకు మొహమాటమని నాకు తెలుసు. యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి విను. భీమవరంలో పుట్టిన ఆయన వందేళ్ల కిందట బోస్టన్ వెళ్ళి చదవాలనుకున్నప్పుడు చేతిలో డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది, మామగారూ ఆదుకున్నారు. రంగూన్‌లో సంపాదించిన ఆస్తిని ధర్మానికి రాసిన మహానుభావుడు ఆ సత్యలింగం గారు. అలా వెళ్ళిన సుబ్బారావు గారి కృషితోనే తర్వాత మెథోట్రెక్సేట్ లాంటి క్యాన్సర్ మందు వచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదు తల్లీ.

అయితే అడగడానికో వరుస ఉంది. ముందు సదస్సు వాళ్ళనే అడుగు. ఐఈఈఈ లాంటి సంస్థలు విద్యార్థులకు ఫీజు తగ్గిస్తాయి, కొన్ని సభలకు ప్రయాణ ఖర్చుల్లో సాయమూ చేస్తాయి. తర్వాత మీ కాలేజీ. ఆ పైన ఢిల్లీలో పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్. ఇంతకుముందు సెర్బ్ అనేవారే, అది ఇందులోనే కలిసింది. పేపర్ చదవడానికి విదేశం వెళ్ళే పరిశోధకులకు ప్రయాణ సాయం ఇస్తుంది. గడువులు ముందే చూసుకో. ఇంకోమాట, పేపర్ పంపిన మూడో రోజే ఒప్పేసుకుని ఫీజు కట్టమనే సభలు చాలా ఉన్నాయి. నువ్వు వెళ్ళే సభ ఎవరు నడిపేదో, పేపర్ ఎక్కడ అచ్చవుతుందో మీ గైడ్‌ని అడిగి తేల్చుకో.

అసలు మెలిక ఇక్కడుంది. ఇలాంటి సాయం చాలావరకు ముందు మనం ఖర్చుపెట్టి, తిరిగొచ్చి రసీదులు చూపిస్తేనే చేతికొస్తుంది. బోర్డింగ్ పాస్ కూడా పారెయ్యకు. కాబట్టి ఊళ్ళో పెద్దల్ని, అమెరికాలో ఉన్న మనవాళ్ళని నువ్వు అడగాల్సింది చాలామటుకు దానం కాదు, నాలుగైదు నెలల చేబదులు. అలా అడిగితే ఇచ్చేవాళ్ళకూ తేలిక, నీకూ గౌరవం.

వాళ్ళకి నీ పని ఏమిటో వాళ్ళ మాటల్లో చెప్పు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మన కోనసీమలో కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు కలిసి కూలడం వాళ్ళూ చూశారు. ఇప్పుడు రొయ్యల చెరువులు తోడయ్యాయి. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి, కొన్ని గంటల్లోనే రొయ్య తేలిపోతుంది. గాలివాన తర్వాత ముందు ఏ లైను నిలబెట్టాలి, ఆసుపత్రికా, మంచినీళ్ళ ట్యాంకుకా, చెరువులకా అన్నదే కదా నీ లెక్క? ఆ మాట చెప్పు. అంబాజీపేట కొబ్బరి వర్తకులకు, రాజోలు చెరువుల రైతులకు అంతకంటే కావలసిన చదువు ఇంకేముంది?

ఫీజు, టికెట్టు, వీసా, బస, దేనికెంతో ఒక కాగితం మీద రాయి. ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టావో పక్కన వెయ్యి. ఆదివారం పట్టుకురా, ఊళ్ళో పెద్దల దగ్గరికి నీతో నేనూ వస్తాను. తీసుకున్న డబ్బు ఏ నెలలో తిరిగిస్తావో కూడా అందులో రాయమ్మా, వాళ్ళు అడక్కముందే మనం చెప్పాలి.