ప్రమాణము చేసినవాని ఓటు

అమెరికా దేశములో అధ్యక్షుడు ఘోరమైన తప్పిదము చేసెనని తోచినప్పుడు ప్రతినిధుల సభ అతనిమీద నేరము మోపును. సెనేటు విచారించి తీర్పు చెప్పును. మూడింట రెండువంతులమంది దోషి యనినగాని అతని పదవి పోదు. ఈ విచారణకు ముందు సెనేటరులు మరల ఒక ప్రమాణము చేయవలెను. పదవిలో ప్రవేశించునప్పుడు చేసినది చాలదు. పక్షపాతము లేక న్యాయము జరిగింతుమని దేవుని సహాయము కోరి పలుకుదురు.

ఆ ప్రమాణము ఏమగుచున్నది? 1999లో క్లింటనును విచారించినప్పుడు అతని డెమొక్రాటిక్ పక్షమువారు 45 మందిలో ఒక్కరైనను దోషి యనలేదు. రిపబ్లికనులలో ఎక్కువమంది దోషి యనిరి. 2020లో ట్రంపును విచారించినప్పుడు డెమొక్రాటులలో ఒక్కరైనను నిర్దోషి యనలేదు. రిపబ్లికనులలో ఒక్కడు తప్ప అందరును నిర్దోషి యనిరి. నేరములు వేరు, సాక్ష్యములు వేరు, నిజమే. అయినను నూరుగురి మనస్సాక్షులు పార్టీ జెండానుబట్టి ఇంత చక్కగా రెండు బారులు తీరుట ఎట్లు?

పార్టీకి నమ్మకముగా నుండుట చెడ్డదని నేననను. కష్టకాలమందు తోడు నిలిచినవారిని విడుచువాడు మెచ్చదగినవాడు కాడు. అయితే స్నేహితుని కొరకు సొంత ధనము ఖర్చుపెట్టవచ్చును గాని, న్యాయపీఠముమీద నుంచిన త్రాసు స్నేహితునిది కాదు, మనదియు కాదు.

ఆ ఒక్కడు మిట్ రోమ్నీ. స్వపక్షపు అధ్యక్షుని దోషి యనిన మొదటి సెనేటరు అతడే. దేవునియెదుట చేసిన ప్రమాణము తన్ను కట్టివేసినదని చెప్పెను. అతని తీర్పు సరియైనదో కాదో వాదించువారు వాదించుకొందురు గాక. నేను గమనించినది వేరు. అధికారమును దుర్వినియోగము చేసెనను నేరము విషయమై దోషి యనెను. కాంగ్రెసు విచారణకు అడ్డుపడెనను రెండవ నేరము విషయమై నిర్దోషి యనెను. దేనికది తూచెనన్నమాట.

ఐనను పక్షమును దాటినంతమాత్రమున నీతిమంతుడని యెంచరాదు. 1868లో ఆండ్రూ జాన్సనును తొలగింపగోరిన రిపబ్లికనులలోనే ఏడుగురు నిర్దోషి యనిరి. దోషి యనినవారు 35 మంది, కాదనినవారు 19 మంది. ఒక్క ఓటు తక్కువై అతడు తప్పించుకొనెను. ఆ ఏడుగురిని వీరులని పొగడినవారు కలరు. కాని వారిలో కొందరు ప్రతిఫలము నాశించిరను అనుమానము నేటికిని పోలేదు. తప్పించుకొన్న జాన్సనో, విడుదల పొందిన దాసుల హక్కులకు అడ్డు తగిలినవాడు! కాబట్టి ఏ వైపు ఓటు వేసెనని కాదు, అదే పని ఎదుటి పార్టీవాడు చేసియున్నయెడల అదే తీర్పు చెప్పియుండునా అని ఓటు వేయువాడు తన్ను తాను అడుగుకొనవలెను. ఈ ప్రశ్న ఇతరులు అడుగుటకు వీలులేనిది.

2021లో ట్రంపును రెండవమారు విచారించినప్పుడు అతని పక్షమువారే ఏడుగురు దోషి యనిరి. 57 ఓట్లు వచ్చినను పది తక్కువాయెను. ఆ యేడుగురిలో కొందరిని వారి రాష్ట్రములలోని స్వపక్షమువారే బహిరంగముగా ఖండించిరి. నీకొదేము తన తోటి పరిసయ్యుల నడుమ, మనిషి మాట వినకమునుపే తీర్పు తీర్చుట తగదను భావముతో ఒక్క ప్రశ్న వేసినప్పుడును ఇట్లే జరిగెను. అడిగినదానికి వారు జవాబు చెప్పలేదు. అతడు ఏ ప్రాంతమువారి పక్షమున మాటలాడుచున్నాడోయని ఎత్తిపొడిచిరి.