సిమ్యులేషన్ ఏ ప్రమాణం?

నిండు ఎండాకాలంలోనూ నంద్యాల దగ్గరి మహానంది గుడి కోనేట్లో నీళ్లు తగ్గవు. అడుగున పడ్డ నాణెం పైకి స్పష్టంగా కనబడుతుంది. ఆ నీళ్లే గుడి దాటి అరటితోటలకు పారతాయి. ఈ ఊట ఎక్కణ్ణుంచి వస్తోంది? నంద్యాల ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు పాఠానికి బదులు ఈ ప్రశ్న పెడితే, నల్లమల వాలునూ రాతి పగుళ్లనూ వానలనూ కంప్యూటర్లో అంకెలుగా వేసి ఒక నమూనా కట్టగలరు. వాన సగమే పడితే ఊట ఏమవుతుందో తెర చూపిస్తుంది. సమస్యతో చదువు మొదలుపెట్టే ఈ పద్ధతి 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్యవిద్యలో మొదలైంది. అయితే తెరమీది ఈ సిమ్యులేషన్ చూపించినదాన్ని న్యాయశాస్త్రం లెక్కలో ఏ జ్ఞానం అనాలి? కంటికి కనబడింది గనక ప్రత్యక్షం అనుకోవడం తేలిక. సూత్రాల మీద నడిచింది గనక అనుమానమే, అంటే గుర్తును బట్టి తేల్చుకున్న జ్ఞానమే, అనేవాళ్లూ ఉంటారు. కానీ అనుమానానికి వ్యాప్తి (పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న నియమం) ఒక్కటే చాలదు, హేతువు (గుర్తు) పక్షంలో (మనం తేల్చుకునే చోట) ఉండాలి. కొండమీద నిప్పుందనాలంటే పొగ ఆ కొండమీదే కనబడాలి. ఇక్కడ సగం వాన ఎవరూ చూసింది కాదు, మనం వేసుకున్నది.

17వ శతాబ్దపు మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇలాంటి ఊహకు చోటు ఎప్పుడో చూపించాడు. సంశయం, విపర్యయం (ఒకదాన్ని మరొకటిగా పొరబడటం) పక్కన తర్కాన్ని కూడా అయథార్థానుభవంలోనే (ఉన్నదున్నట్టు కాని జ్ఞానంలోనే) చేర్చాడు. లేనిదాన్ని ఉన్నట్టు ఆరోపించి, దానివల్ల ఏం వచ్చిపడుతుందో చూడటం తర్కం. అది ప్రమాణం (సరైన జ్ఞానానికి సాధనం) కాదు, ప్రమాణానికి తోడు. సిమ్యులేషన్ అచ్చంగా ఇదే. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పెట్టేముందు రాతిమీద గీసుకునే గీత లాంటిది, తప్పయితే చెరిపేయొచ్చు. తెరమీద ఊట వేసవిలో ఎండిపోయి, కోనేట్లో ఎండకపోతే, రాతి పొరను తప్పుగా ఊహించామా, వాన నీరు ఇంకే మేరను చిన్నదిగా తీసుకున్నామా అని విద్యార్థి వెనక్కి వెళ్లి వెతకాలి. విమర్శనాబుద్ధి అలవడేది ఆ వెతుకులాటలోనే. కోనేటి దగ్గరికి పోకుండా తెరతోనే ఆగిపోతే అది విపర్యయంగా మారుతుంది.

ఊటకు కారణం అడగడం స్వామి మహిమను శంకించడం కాదా అని భక్తులు అడగవచ్చు. కానీ న్యాయశాస్త్రంలో శంక తప్పు కాదు; న్యాయసూత్రాల్లో మొదటి సూత్రమే సంశయాన్ని పదహారు పదార్థాల్లో (చర్చాంశాల్లో) ఒకటిగా లెక్కించింది. ఆ సంప్రదాయంలోని ఉదయనుడే ఈశ్వరుణ్ణి యుక్తితో సాధించడానికి న్యాయకుసుమాంజలి రాశాడు. నీళ్లు వచ్చే దారి తెలిసినంతమాత్రాన కోనేట్లో మునిగేవాడి భక్తికి లోటు రాదు. రెండో ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. పునాది లేని విద్యార్థిని సమస్యలోకి తోసి వదిలేస్తే నేర్చుకోడని విద్యా పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో వాదించారు. వాళ్ల మాట ఒప్పుకోవలసిందే. అందుకే భూగర్భజలాల పాఠం ముందు తరగతిలో చెప్పాలి, నమూనా కట్టేటప్పుడు అధ్యాపకుడు పక్కనుండాలి, కోనేటి మట్టం కొలిచే రోజును కాలేజీ టైమ్‌టేబుల్లోనే రాయాలి.