దైవప్రేరణయు దినకృత్యమును

దైవము తన్ను నడిపించుచున్నాడని నమ్ముట క్రైస్తవునకు ఆదివారపు ప్రార్థనతో ముగియు మాట కాదు. పిల్లవాని చదువు, కూతురి పెండ్లి, ఇంటియద్దె, రోగికి మందు, వీనియన్నింటియందును ఆ చేయి యున్నదని యతడు విశ్వసింపవలసియున్నది. ఈ విశ్వాసమును మేము చులకన చేయువారము కాము. అయినను ఇందొక చిక్కు కలదు. మన మనస్సున పుట్టిన కోరికకును దైవప్రేరణకును గల భేదమును గుర్తించుట యెట్లు? గుర్తించుటలో పొరపాటు జరిగినచో ఆ నష్టము ననుభవించువారెవరు? ఈ రెండవ ప్రశ్నయే మాకు ముఖ్యముగా తోచుచున్నది.

మెథడిస్టు శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1737లో అమెరికాలోని జార్జియాయందుండగా, సోఫియా హాప్కీ యను కన్యను వివాహమాడుటయో మానుటయో తేల్చుకొనలేక, మిత్రునితో కూడి మూడు చీట్లు వేయగా, ఇక నీ తలంపు మానుమను చీటి వచ్చెను. వెస్లీ దానిని దైవాజ్ఞగా శిరసావహించెను. ఆ మూడు చీట్లలో ఆ కన్య యభిప్రాయమునకు మాత్రము చోటు లేకపోయెను. వర్జ్యము చూచి ప్రయాణము మానుకొనుటకును, కనులు మూసికొని బైబిలు తెఱచి వ్రేలు పడిన వాక్యమును శకునముగా గైకొనుటకును మాకు పెద్ద దూరము కానరాదు. పరీక్షలో ప్రత్యుత్తరము తెలియని విద్యార్థి నాణెము నెగురవేయుట మేమెఱుగుదుము. వాడైనను దానికి దైవాజ్ఞయని పేరు పెట్టడు.

ఇక జార్జి ముల్లరు చరిత్రమును చూతము. ఈయన 1805లో ప్రష్యాదేశమున జన్మించి, ఇంగ్లండునకు వచ్చి, 1836లో బ్రిస్టలు నగరమున ఒక యద్దెయింట అనాథ బాలికలకు శరణాలయము తెఱచెను. 1870 నాటికి ఆ నగరముననే ఆష్లీడౌన్ అను మిట్టపై అయిదు గొప్ప మందిరములు లేచెను. వానిలో 2,000 మందికి మించి పిల్లలకు తావుండెను. ఏ ధనికునిగాని యాచింపక దైవమునే యడుగుదునని ఆయన నియమము పెట్టుకొనెను. తన యాకలిని దైవముపై వేసికొనుట ఒకని యిష్టము. పరుల బిడ్డల యన్నమును తన విశ్వాసమునకు పణముగా నొడ్డుట ధర్మమా?

ముల్లరు నడవడియే దీనికి సమాధానము. ఆయన 1830లోనే తన స్థిరవేతనమును వదలుకొనెను. అప్పు చేయలేదు. వచ్చిన ప్రతి కాసునకును లెక్క యుంచెను. ధనము చాలని దినములలో ఆయనయు, తోడి పనివారును తమ సొంత సొమ్ము పెట్టియు, వస్తువులను విక్రయించియు పిల్లలకు భోజనము పెట్టిరి. లేమి దెబ్బ మొదట నమ్మినవారి మీదనే పడెను. ఏటేట ఆయన ప్రకటించు నివేదికయే మౌనయాచన గదా యని కొందఱాక్షేపింతురు. అందు సత్యము లేకపోలేదు. కాని 1841 చివర చేతిలో ధనము మిక్కిలి తగ్గినప్పుడు ఆయన ఆ నివేదికనే కొంతకాలము నిలిపివేసెను. యాచకుడు చేయు పని యిది కాదు.

ఇదే త్రాసున మన యిండ్లను తూచి చూడవలెను. జ్వరపీడితుడైన బిడ్డకు వైద్యుని పిలువక, దేవుడే చూచుకొనునని తండ్రి కూర్చుండినచో, నమ్మినవాడు తండ్రి, మూల్గువాడు బిడ్డ. తల్లిని అడుగువారే లేరు. ఆలయశిఖరమునుండి దుముకుమని సాతాను శోధించి, దూతలు పట్టుకొందురను లేఖనమును చూపినను, క్రీస్తు దుముకలేదు. అరణ్యమున ఇశ్రాయేలీయులకు మన్నా కురిసినప్పుడును, వారు తెల్లవారగనే వెళ్లి యేరుకొనవలసియే వచ్చెను.

ముల్లరు భార్యకు సోదరుడైన ఆంథొనీ నారిస్ గ్రోవ్సు ఎక్సెటరు పట్టణమున మంచి యార్జన గల దంతవైద్యుడు. ఆ వృత్తిని విడిచి 1829లో మతప్రచారమునకై సకుటుంబముగా బాగ్దాదునకు తరలెను. 1831లో అచట ప్లేగుచే ఆయన భార్య మరణించెను. ఆ ప్రయాణమునకు మొదట బలియైనది ఆమెయే. ముల్లరు విషయమున దొరకినంత సులభముగా దీనికి సమాధానము మాకు దొరకలేదు. గ్రోవ్సు 1833లో హిందూదేశమునకు వచ్చెను. ఆయన ప్రోత్సాహముచే 1836లో ఇంగ్లండు విడిచిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు గోదావరీ ప్రాంతమునకు వచ్చి నరసాపురమున పనిచేసిరి. దైవమే తమ్ము పిలిచెనని వారు దృఢముగా నమ్మిరి. అయినను అకారము మొదలుకొని తెలుగు నేర్చుకొనక వారికి తప్పలేదు.