ఎడబాటు దుఃఖానికి కారణం ఎవరు?



పోయిన వర్షావాసంలో మా కళాబృందం పిల్లలు ఒక చిన్న పాటల నాటకం కట్టారు. నాలుగు పాత్రలు, ఒక డప్పు, ఒక హార్మోనియం, నేల మీద ఒక చాప. సరంజామా అంతే. కథ మనది కాదు. అమెరికా రచయిత లీ బ్లెస్సింగ్ 1988లో రాసిన 'టూ రూమ్స్', అంటే రెండు గదులు, అనే నాటకం దానికి ఆధారం. అసలు నాటకం పాటల నాటకం కాదు. మనవాళ్ళకు పాట లేకపోతే మాట ఎక్కదు కదా, అందుకని వీళ్ళు పాటలు చేర్చుకున్నారు. అన్నీ బాగానే కుదిరాయి గానీ ఆఖరి పాట దగ్గర మాలో మాకు పెద్ద గొడవ అయింది. అది ధమ్మానికి సంబంధించిన గొడవ. అందుకే మీ ముందు పెడుతున్నాను.

ముందు కథ వినండి. మైకేల్, లైనీ భార్యాభర్తలు. అతను లెబనాన్ రాజధాని బేరూత్‌లో పాఠాలు చెప్పే అమెరికన్. అంతర్యుద్ధం నడుస్తున్న రోజులు. సాయుధులు అతన్ని ఎత్తుకుపోయి, కళ్ళకు గంతలు కట్టి ఒక ఖాళీ గదిలో పడేస్తారు. అతని మీద వాళ్ళకు సొంత పగేమీ లేదు. అమెరికా ప్రభుత్వాన్ని వంచడానికి అతనొక తాకట్టు వస్తువు. ఇక్కడ ఇంటి దగ్గర లైనీ, భర్త చదువుకునే గదిలోని సామాను మొత్తం బయట పెట్టేసి, ఒక్క చాప పరుచుకుని అందులో కూర్చుంటుంది. అతను ఉన్న గది ఎలా ఉంటుందో తన గదిని అలా చేసుకుంటుంది. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు. ఊహలోనే ఇద్దరూ మాట్లాడుకుంటారు. ప్రభుత్వం నుంచి ఒక అధికారిణి వస్తుంది, నోరు మెదపవద్దు, మేము చూసుకుంటున్నాం అంటుంది. ఒక విలేకరి వస్తాడు, నోరు విప్పు, లోకానికి చెప్పు అంటాడు. చివరికి మైకేల్ తిరిగి రాడు. చంపేస్తారు.

ఇదంతా రచయిత గాలిలోంచి పుట్టించింది కాదు. టెర్రీ ఆండర్సన్ అనే అమెరికన్ విలేకరిని బేరూత్‌లో 1985 మార్చి 16న ఎత్తుకుపోయి 1991 డిసెంబర్ 4న వదిలారు. అతను చెరలో ఉండగా కూతురు పుట్టింది. ఆ పిల్లను మొదటిసారి చూసేసరికి ఆమెకు ఆరేళ్ళు.

ఇప్పుడు గొడవ సంగతి. ఆఖరి పాట రాసిన కుర్రాడు తెలివైనవాడు, విహారానికి క్రమం తప్పకుండా వస్తాడు. వాడి పాటలో లైనీకి భర్త చనిపోయాక జ్ఞానోదయం లాంటిది అవుతుంది. అన్నీ అనిత్యం, నా మమకారమే నా దుఃఖానికి మూలం, దాన్ని వదిలేశాను అని పాడి, చాప చుట్టి పక్కన పెట్టి, చిరునవ్వుతో వెళ్ళిపోతుంది. బాణీ చక్కగా కుదిరింది. నాకు కూడా నచ్చింది, ఒప్పుకుంటున్నాను.

రిహార్సల్ చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమ్మ లేచి అడ్డం పడింది. "ఏం నాయనా, ఆయన్ని కట్టేసినోళ్ళను వదిలిపెట్టి ఈమెకు బుద్ధి చెబుతున్నారేంటి?"

ఆమె ఎందుకలా అడిగిందో తర్వాత తెలిసింది. పెళ్ళయిన కొత్తలో భర్తతో కలిసి అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీకి పోయింది. కాన్పు దగ్గర పడి ఊరికి పోతామంటే యజమాని ఆమెనొక్కదాన్నే పంపాడు. "నీ మొగుడు ఇక్కడుంటే నువ్వే తిరిగొస్తావులే" అన్నాడట. ఆమె బిడ్డను కని, మూడో నెలలో చంకనేసుకుని తిరిగి అదే బట్టీకి పోయింది. మన దేశంలో వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. ఆ సంగతి ఆ బట్టీలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. బేరూత్ ఎక్కడుందో పెద్దమ్మకు తెలియదు. తాకట్టు పడ్డ మనిషి భార్య అంటే మాత్రం మాలో ఎవరికంటే ఆమెకే బాగా తెలుసు.

మరి కుర్రాడిది తప్పా? ప్రియమైనవారికి దూరం కావడం దుఃఖం అని తథాగతుడి మొదటి ప్రవచనంలోనే ఉంది. దుఃఖానికి మూలం తృష్ణ అనీ ఉంది. వాడు చదివిందే రాశాడు. కిసాగౌతమి కథ కూడా గుర్తు చేశాడు. చచ్చిపోయిన బిడ్డను ఎత్తుకుని వస్తే, చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఏ ఇంటికి పోయినా ఎవరో ఒకరు పోయినవాళ్ళే. ఆమెకు అర్థమైంది. లైనీకి కూడా అలాగే అర్థం కావాలి కదా అన్నాడు.

ఇక్కడ మీరు కాస్త ఆగి ఆలోచించండి. లైనీని కూడా ఆవాలకు పంపుదాం. చావు లేని ఇల్లు కాదు, మనిషిని ఎవరూ ఎత్తుకుపోని ఇల్లు చూసి తెమ్మందాం. మొదటి ఇంట్లోనే దొరుకుతాయి. పక్కింట్లోనూ దొరుకుతాయి. సాయంత్రానికి ఒడి నిండుతుంది. కిసాగౌతమి దుఃఖం లోకంలో అందరిదీ. లైనీ దుఃఖం, పెద్దమ్మ దుఃఖం కొందరికి కొందరు తెచ్చిపెట్టింది. ఈ రెండింటికీ ఒకే మందు ఇస్తే లాభం ఎవరికి? బట్టీ యజమానికి.

బాబాసాహెబ్ ఈ చిక్కును ముందే పట్టుకున్నారు. 1957లో వెలువడిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం పీఠికలో, నాలుగు ఆర్య సత్యాలు బుద్ధుడి అసలు బోధలోవేనా అని సూటిగా అడిగారు. బతుకంతా దుఃఖమే అని చెబితే ధమ్మం నిరాశావాదం అవుతుంది, మనిషికి ఆశ మిగలదు అన్నది ఆయన అభ్యంతరం. మనలో కొందరికి ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. కానీ పెద్దమ్మ ప్రశ్న, ఆయన ప్రశ్న ఒక్క చోటి నుంచే వచ్చాయని నాకనిపిస్తుంది.

అదే గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడిచిన ఘట్టం మళ్ళీ చదవండి. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి వెళ్ళిపోయాడన్న కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. రోహిణీ నది నీళ్ళ కోసం కోలియులతో యుద్ధం చేయాలని శాక్య సంఘం తీర్మానించింది. సిద్ధార్థుడు నేను చేయనన్నాడు. అప్పుడు సేనాపతి బెదిరించిందేమిటి? నీ కుటుంబాన్ని వెలివేస్తాం, మీ భూములు లాక్కుంటాం అని. చూశారా, అదీ తాకట్టే! నీవాళ్ళు మా చేతిలో ఉన్నారు, నువ్వు వంగు. ఊళ్ళో కేసు పెట్టిన మనవాళ్ళకు పాలు, కూలి పనులు, కిరాణా కొట్టు బంద్ చేసేవాడు చెప్పే మాట కూడా ఇదే.

సిద్ధార్థుడు వంగలేదు. ఏ పాపం ఎరుగని ఇంటివాళ్ళను శిక్షించవద్దని, తానే పరివ్రాజకుడిగా దేశం విడిచి పోతానని శిక్షను తన మీద వేసుకున్నాడు. యశోధర అడ్డం పడలేదు. రాహులుడు లేకపోతే నేనూ వచ్చేదాన్నని, ఇంటిని నేను చూసుకుంటానని పంపింది. అదీ భార్యాభర్తల ఎడబాటే. మైకేల్‌కు లేనిది వీళ్ళకు ఒకటి ఉంది, ఎంచుకునే వీలు. ఇద్దరూ ప్రేమను వదులుకోలేదు. దాన్ని తాడుగా వాడుకుందామనుకున్నవాడికి ఆ తాడు దొరకకుండా చేశారు.

అయితే కుర్రాడి వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి. మొదటి గది కట్టింది సాయుధులు. రెండో గదిని లైనీ తన చేతులతో తానే కట్టుకుంది. ఆ చాప మీద కూర్చున్న కొద్దీ ఆమె కూడా బందీ అయింది. తథాగతుడు ఉపాదానం అన్నది దీన్నే, ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ మాట ఆమె చాప మీద పక్కన కూర్చుని చెప్పాల్సింది, మైకు ముందు నిలబడి కాదు. అందులోనూ తాడు ఇంకా బిగిసి ఉండగా అసలే కాదు. ఎంతకాలం తర్వాత చెప్పవచ్చు అంటారా? పెద్దమ్మను అడిగాను. నలభై ఏళ్ళయింది, నాకింకా ఎవరూ చెప్పలేదు అంది నవ్వుతూ.

పాట మార్చారు. ఇప్పుడు లైనీ చాప చుట్టదు, చిరునవ్వూ లేదు. గది తలుపు తీసి, చాపను గుమ్మం బయట పరిచి, వచ్చేపోయేవాళ్ళను నిలబెట్టి, మైకేల్‌ను ఎవరు పట్టుకున్నారు, ఎవరు మాట్లాడవద్దన్నారు, ఎన్ని రోజులు అని వరసగా చెబుతుంది. పాట అక్కడ ఆగిపోతుంది, డప్పు మాత్రం కాసేపు మోగుతుంది. బాణీ మునుపటంత బాగా రాలేదు. కుర్రాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కూడా, కరుణ ఎక్కడుంది ఇందులో అంటున్నాడు. అడగనివ్వండి.

పెద్దమ్మ రెండోసారి చూసి, "ఇప్పుడు ఫర్వాలేదు. కానీ నోరు మెదపొద్దన్న ఆ ఆఫీసరమ్మ చివర్లో ఎటు పోయింది? ఆమె చేత కూడా ఒక పాట పాడించండి" అంది.

ఆ పాట ఇంకా రాయాలి.