అయినవారి మధ్య కాగితమెందుకు?

మన కుటుంబములలో ఇద్దరు అయినవారు కలిసి చిన్న వ్యాపారము పెట్టదలచినప్పుడు చోటెక్కడ, సరకెక్కడ, ప్రారంభ ప్రార్థనకు ఎవరిని పిలువవలెను అను సంగతులన్నియు మాటలాడుకొందురు. ఒప్పంద పత్రము మాట వచ్చునప్పటికి మాత్రము ఎవరో ఒకరు నవ్వి, "మన మధ్య కాగితమెందుకు బావా?" అందురు. ఆ మాట అన్నవాడు మోసగాడు కాడు. ప్రేమచేతనే అనును. వ్రాసికొందమనుట అనుమానించుటతో సమానమను తలంపు మనలో లోతుగా నాటుకొనియున్నది. ఇది నిజమేనా? ప్రేమ ఉన్నచోట కాగితమునకు పని లేదా? ఈ నెల మనము దీనిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

ఒక సంగతి ఊహించుకొందము. బావయు బావమరిదియు కలిసి ఒక బేకరీ పెట్టిరి. బావ తన ఉద్యోగములో కూడబెట్టిన నాలుగు లక్షల రూపాయలు ఇచ్చెను. బావమరిది డబ్బు పెట్టలేదు గాని పని తెలిసినవాడు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పిండి కలుపుట మొదలు రాత్రి షట్టరు దించువరకు దుకాణమే అతని ఇల్లు. గల్లాపెట్టెలో నుండి ఎవరికి కావలసినది వారు తీసికొనుచుందురు. గోడకు అంటించిన క్యూఆర్ కోడు బావమరిది సొంత ఖాతాది. వ్రాత ఏమియు లేదు. నోటి మాటగానైనను వాటాలు అనుకొనలేదు.

ఆరేండ్లు గడచెను. బావమరిది మనస్సులో ఒక బాధ: "ఇంత చాకిరి చేసితిని, నాకు జీతమేది?" బావ మనస్సులో మరియొక బాధ: "నా నాలుగు లక్షలు బ్యాంకులో వేసియున్నను వడ్డీ వచ్చెడిది గదా." ఇద్దరి బాధయు న్యాయమైనదే. అయితే 1932 నాటి భారత భాగస్వామ్య చట్టము 13వ సెక్షను ఏమి చెప్పుచున్నది? వేరుగా ఒప్పందము లేనియెడల, పని చేసిన భాగస్వామికి జీతము లేదు. లాభనష్టములు ఇద్దరికి సమానము. పెట్టుబడికి వడ్డీ ఇయ్యవలెనన్నను దానికి ఒప్పందము ఉండవలెను, అదియు లాభములో నుండియే చెల్లును. చట్టము నోటి ఒప్పందమును కూడ ఒప్పుకొనును. కాని వారు అసలు మాటలాడుకొననే లేదు. వారు విడిచిపెట్టిన ఖాళీలలో చట్టము తన మాట వ్రాసికొన్నది. అప్పుడు ఇద్దరును దోపిడి జరిగినదనియే తలంతురు.

బయటివారితో వచ్చు చిక్కు వేరు. ఫర్మును రిజిస్టరు చేయించుట మన చట్టములో నిర్బంధము కాదు. అయినను, రిజిస్టరు కాని ఫర్ము తన ఒప్పందముల మీద బయటివారిపై దావా వేయజాలదని 69వ సెక్షను చెప్పుచున్నది. ఒక హోటలు వారు 80 వేల రూపాయల బన్నులు, రొట్టెలు అరువు తీసికొని ఎగవేసిరనుకొందము. ఈ బావలు కోర్టు గడప ఎక్కలేరు. పిండిమిల్లు వారు వీరి మీద దావా వేయుటకు మాత్రము అడ్డు లేదు. అంతేకాదు, 25వ సెక్షను ప్రకారము ఆ బాకీ మొత్తమును ఇద్దరిలో ఎవరి యొద్దనైనను వసూలు చేసికొనవచ్చును. మిల్లు బాకీ సంగతే ఎరుగని బావ ఇల్లు కూడ అందులో చిక్కును.

ఇవన్నియు డబ్బు సంగతులు, ఎట్లో సర్దుకొందురందము. మమ్మును నిజముగా కలతపెట్టునది దీని తరువాతి సంగతి.

బావ హఠాత్తుగా మరణించెను. ఇద్దరే ఉన్న ఫర్ములో ఒకరు పోయినప్పుడు ఫర్మే రద్దగును. ఇప్పుడు లెక్క అడుగవలసినది ఎవరు? అతని భార్య. ఎవరిని అడుగవలెను? తన సొంత తమ్ముని. ఆదరణ కూడికలు ముగిసిన తరువాత తమ్ముడు నెలకు ఐదు వేలు తెచ్చి అక్క చేతిలో పెట్టుచున్నాడు. ఆమె కన్నీళ్లతో తీసికొనుచున్నది. సంఘములో అందరును అతనిని మెచ్చుకొనుచున్నారు. తమ్ముని లెక్కలడిగిన నలుగురేమనుకొందురని ఆమె నోరు మెదపలేదు. ఆమెకు తెలియని దేమనగా, రద్దైన ఫర్ము లెక్కల కొరకు వేయు దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టము ఇచ్చు గడువు మూడేండ్లే. అది దాటినచో కాలదోషము పట్టును. తమ్ముడు చెడ్డవాడు కాడు. బావ వాటా ఎంతో అతనికిని తెలియదు. అయినను ఆమెకు హక్కుగా రావలసినది ఇప్పుడు దయగా వచ్చుచున్నది. అతని కుమార్తె పెండ్లి వచ్చిన సంవత్సరము ఆ దయ ఆగిపోవచ్చును. అప్పుడు అడుగుటకు ఆమె చేతిలో ఏమున్నది?

రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములోని విధవరాలిని మనమెరుగుదుము. ఆమె భర్త దేవునియందు భయభక్తులు గలవాడే. అయినను అతని అప్పు తీరలేదు, అప్పులవాడు ఇద్దరు కుమారులను పట్టుకొనిపోవుటకు వచ్చెను. భర్త భక్తి నిజమైనదే, భార్య భయమును నిజమైనదే.

భాగస్వామ్య చట్టము 9వ సెక్షను చదివినప్పుడు అది ప్రసంగపీఠము మీది మాటవలె మాకు తోచినది. భాగస్వాములు ఒకరియెడల నొకరు న్యాయముగాను నమ్మకముగాను ఉండవలెననియు, నిజమైన లెక్కలు చూపవలెననియు అది విధించుచున్నది. ఆ లెక్క భాగస్వామికే గాక అతని వారసులకును చూపవలెనట. చట్టము ఆ విధవరాలిని మరచిపోలేదు. మరచినవారు ఆమె ఇంటివారే.

అయినవారి మధ్య వ్రాత తప్పైనయెడల యిర్మీయాను ఏమందుము? యెరూషలేము చుట్టు బబులోను సైన్యమున్నది, ప్రవక్త కావలిలో నున్నాడు. అట్టి వేళ తన తండ్రి తోడబుట్టినవాని కుమారుడైన హనమేలు యొద్ద అనాతోతులోని పొలమును కొనెను. పదియేడు తులముల వెండి తూచి ఇచ్చి, పత్రము వ్రాసి, ముద్ర వేసి, సాక్షులను పిలిపించెను. ముద్ర వేసినది ఒకటి, విప్పియున్నది ఒకటి. రెండును బహుదినములుండునట్లు మట్టికుండలో ఉంచుమని బారూకునకు చెప్పెను. హనమేలును అనుమానించుటచేత ఈ పని చేసెనా? ఆ కుండను తెరచువారు ఇంకను పుట్టని వారైయుండవచ్చును. వారి కొరకు వ్రాసెను. దీనికి ఎదురుగా, లాబాను తన మేనల్లుడైన యాకోబునకు జీతము పదిమారులు మార్చిన కథ మనకు తెలిసినదే. అక్కడ చివరకు మామ అల్లుండ్ల మధ్య రాళ్ల కుప్పను సాక్షిగా నిలుపవలసి వచ్చెను.

విశ్వాసులు కోర్టుకు పోరాదని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయమును చూపి, కావున కాగితమే వద్దనువారు కలరు. ఈ మాటను మేము తేలికగా తీసికొనము. అయితే పౌలు అక్కడ కోరినది, సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుని తమలోనే వెదకికొనుమని. నేటి చట్టములో దానికి మార్గమున్నది. 1996 నాటి ఆర్బిట్రేషను చట్టము క్రింద, తగవు వచ్చినచో ఫలాని మధ్యవర్తికి అప్పగింతుమని భాగస్వాములు ఒప్పుకొనవచ్చును. అతని తీర్పు కోర్టు డిక్రీవలె అమలగును. ఆ మధ్యవర్తి తమ సంఘపు పెద్దయే కావచ్చును. అయితే ఆ ఒప్పందము లిఖితమై యుండవలెనని ఆ చట్టము 7వ సెక్షను! పౌలు మాట నెరవేర్చగోరు వారికే కాగితము ముందుగా కావలసియున్నది.

కాగితముతోనే మోసము చేయువారును లేకపోలేదు. చదువుకొన్నవాడు ఇంగ్లీషులో వ్రాయించి తెచ్చును, రెండవవాడు చదువకయే సంతకము చేయును. అట్టి పత్రము లేకుండుటయే మేలు. తెలుగులో వ్రాసికొనవచ్చును. పెట్టుబడి ఎవరిది ఎంత, పని చేయువానికి నెలకు ఎంత, లాభములో వాటా, ఏ ఖాతాలో డబ్బు పడవలెను, ఒకరు పోయినచో రెండవవాడు ఎన్ని నెలలలో ఎవరికి లెక్క అప్పగించవలెను, ఇంతే. రెండు పుటలు చాలును. తగిన స్టాంపు కాగితము మీద వ్రాసి, సంతకములకు ముందు ఇద్దరి భార్యలను కూర్చుండబెట్టి గట్టిగా చదివి వినిపించవలెను. వారు అడుగు ప్రశ్నలకు విసుగుకొనరాదు.

ఇప్పటికే ఏండ్ల తరబడి నోటి మాట మీద నడుచుచున్న దుకాణములవారు, ఇక ఆలస్యమైపోయినదని తలంపనక్కరలేదు. ఫర్మును ఎప్పుడైనను రిజిస్టరు చేయించుకొనవచ్చును, దావా వేయకముందు చేయించిన చాలును. రాబోవు మార్చి 31న సరకు లెక్కించి, రావలసిన బాకీలు, ఇయ్యవలసిన బాకీలు ఒక పుస్తకములో వ్రాసి, ఆనాటికి ఎవరిది ఎంతో తేల్చుకొని ఇద్దరును సంతకము చేసినచో అక్కడనుండి క్రొత్త పత్రము వ్రాసికొనవచ్చును.