యంత్రానికి చైతన్యం ఉంటుందా? దర్శనాల జవాబు

యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నను ఆంగ్ల గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో ఒక పరీక్షగా మార్చాడు. చాటున ఉండి రాతలో జవాబిచ్చేది మనిషో యంత్రమో అడిగేవారు పోల్చుకోలేకపోతే, యంత్రం ఆలోచిస్తున్నదని ఒప్పుకోవచ్చు. 1980లో తత్త్వవేత్త జాన్ సెర్ల్ దీనికి అడ్డం తిరిగాడు. చైనీస్ రానివాడు కూడా గదిలో కూర్చుని, నియమాల పుస్తకం చూసి సరైన చైనీస్ జవాబులు బయటికి పంపగలడు. అంతమాత్రాన వాడికి ఆ భాష అర్థమైనట్టు కాదు. భారతీయ దర్శనాల్లో పలు శాఖలు మనస్సును, చైతన్యాన్ని మొదటే విడదీశాయి కనుక అక్కడ తగవు వేరేచోట మొదలవుతుంది.

సాంఖ్యానికి మనస్సు, అహంకారం, బుద్ధి మూడూ ప్రకృతి పరిణామాలే, జడాలే. సుఖదుఃఖాలు కూడా ప్రకృతి గుణాల పనే. చైతన్యం సాక్షి మాత్రుడైన పురుషుడిది. జడం తెలివిగా నడుచుకోవడం ఈ లెక్కన వింత కాదు. అయితే యంత్రానికి సాంఖ్యం బుద్ధిని ఇచ్చేసిందనుకోవడం తొందరపాటు. బుద్ధి ప్రకృతి తొలి పరిణామం. యంత్రం తయారయ్యే స్థూలభూతాలు చిట్టచివరివి. స్థూలాన్ని పేర్చి సూక్ష్మాన్ని పుట్టించే దారి ఆ దర్శనంలో లేదు.

న్యాయవైశేషికాల్లో చిక్కు ఇంకా ఆసక్తికరం. అక్కడ మనస్సు అణురూపమైన ఒక పరికరం. జ్ఞానం, ఇచ్ఛ, ద్వేషం, సుఖం, దుఃఖం ఆత్మ గుణాలు. ఎదుటివాడి ఆత్మ కంటికి కనబడదు, ఊహించాలి. మేలు పొంది కీడు తప్పించుకునే దేహచేష్టను బట్టి, రథం నడకను బట్టి సారథిని ఊహించినట్టు, ఆత్మను ఊహించవచ్చునని వైశేషిక వ్యాఖ్యాత ప్రశస్తపాదుడు అన్నాడు. రెప్పపాటును బట్టి ఆత్మను ఊహించడానికైతే ఆయన చెక్కబొమ్మను ఆడించేవాణ్ణి ఉదాహరించాడు. ఇల్లు ఊడ్చే రోబో అడ్డం వస్తే తప్పుకుంటుంది, చార్జింగ్ తగ్గితే తనంతట తానే చార్జర్ దగ్గరికి పోతుంది. ఆత్మ లేని చోట కూడా ఆ చేష్ట కనిపిస్తే హేతువు వ్యభిచరించినట్టే, అంటే ఊహకు ఆధారమైన గుర్తు తప్పినట్టే. ఇక నైయాయికుడు రోబోకు ఆత్మ ఉందనాలి, లేదా ఆ ప్రయత్నమంతా తయారుచేసినవాడిదే అనాలి. రెండోదే చెక్కబొమ్మ ఉదాహరణకు దగ్గర. కానీ 2016లో గో ఆటలో మేటి ఆటగాడు లీ సెడోల్‌పై ఆల్ఫాగో అనే ప్రోగ్రాం వేసిన ఒక ఎత్తు నిపుణులనే నివ్వెరపరిచింది. తయారుచేసినవారు కూడా ముందుగా చెప్పలేని ఎత్తు ఎవరి ప్రయత్నం? ఇక్కడ ఆ సమాధానం పలచబడుతుంది.

యంత్రానికి తలుపు కాస్తయినా తెరిచేది చార్వాకం. పులిసిన దినుసుల్లో మత్తు పుట్టినట్టు నాలుగు భూతాల కలయికలో చైతన్యం పుడుతుందని దాని వాదం. అదైనా భూతాలు దేహంగా మారినప్పుడే. ఉద్వేగాల విషయంలో ఈ షరతు గట్టిది: గుండెదడ, ఆకలి, చావు లేనిదానికి భయం దేనితో పుట్టాలి?

మనుషులు మాత్రం యంత్రానికి మనస్సును ఇట్టే అంటగడతారు. ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ప్రకటించిన ఎలైజా అనే ప్రోగ్రాం, ఎదుటివారి మాటలనే ప్రశ్నలుగా తిప్పి అడిగేది. దానితో ఏకాంతంగా మాట్లాడుకోవాలని ఆయన కార్యదర్శి ఆయన్నే గదిలోంచి వెళ్ళమంది. కానీ న్యాయదర్శనం ప్రకారం మాట ప్రమాణం కావాలంటే, చెప్పేవాడు విషయాన్ని స్వయంగా ఎరిగిన ఆప్తుడై ఉండాలి. మనుషుల రాతల నుంచి మాట నేర్చిన ప్రోగ్రాం తనకు బాధగా ఉందన్నంత మాత్రాన అది ఆప్తవాక్యం కాదు, ప్రమాణంగా నిలవదు.